పడదు

మా దగ్గరికి కొత్తగా ఎవరొచ్చినా మేం ముందు అడిగే ప్రశ్న ఒకటే. "మీకు ఏవేవి పడవు?"

ఎలర్జీ అనే మాట వాడొద్దని మా డాక్టర్ సలోమి మొదటి రోజే చెప్పేసింది. ఆ మాట వింటే జనం ఎక్కడో చదివిందీ ఎవరో అన్నదీ చెబుతారు. పడదు అంటే మాత్రం జవాబు కడుపులోంచి వస్తుంది. వంకాయ పడదు. రొయ్యలు పడవు. కొత్త సున్నం వాసన పడదు. తెనాలి నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన చాలాసేపు ఆలోచించి, "మా బావమరిది పడడండీ" అన్నాడు. ఆ పూటంతా నవ్వుకున్నాం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. అందుకే ఈ సంగతి నేనే చెప్పాలి. వేరేవాళ్ళు చెబితే నా తప్పును మెత్తగా చెబుతారు, అది నాకు నచ్చదు.

నా పేరు హైమావతి. గుంటూరులో సలోమి పెట్టిన ఊపిరి కేంద్రంలో ‘జాడ’ అనే యంత్రాన్ని నడుపుతాను. యంత్రం అంటే ఏదో ఊహించుకోకండి, చూడ్డానికి మా చీరాల ఇంట్లోని పాత బియ్యం డబ్బాలా ఉంటుంది. దాని గొట్టంలోకి అరగంట ఊపిరి వదలాలి, వేలి కొన నుంచి నాలుగు చుక్కల రక్తం ఇవ్వాలి. మన ఒంట్లో పగ పట్టే కణాలు కొన్ని ఉంటాయి. ఏ పుప్పొడినో ఏ దుమ్మునో ఒకసారి శత్రువు అనుకున్నాయంటే ఇక మరచిపోవు. ఆ శత్రువు ఎదురైన ప్రతిసారీ తమలో ఒక గుర్తు వేసుకుంటాయి. జాడ ఆ గుర్తులు చదివి పొడుగాటి కాగితం మీద గీతలు గీస్తుంది. ఎడమ చివర తొలి పరిచయం, కుడి చివర నిన్నా మొన్నా. వారం అటూ ఇటూగా తేదీలు కూడా వేస్తుంది. ఒక్కటే లోటు. ఆ శత్రువు పేరు దాని జాబితాలో లేకపోతే ‘పేరు తెలియదు’ అని అచ్చేసి ఊరుకుంటుంది. అప్పుడు రోగి చెప్పిన ‘పడదు’ జవాబులు పట్టుకుని మేం వెతుక్కోవాలి.

పేరు దొరికితే మందు ఉంది. దాన్ని ‘మరపు’ అంటాం. పడని వస్తువును రోగి చివరిసారి పీల్చాలి. ఒంట్లో పగ లేచి నిలబడాలి. అలా లేచిన కణాలను వెతికి మరపు నిద్రపుచ్చుతుంది. ఆ తర్వాత ఆయాసం ఉండదు. కానీ ఆ వస్తువు వాసన కూడా ఉండదు. ముక్కు మొదట్లో ఆ వాసనను పట్టే కణాలు కూడా వాటితోపాటే పడుకుంటాయి. ఎందుకో సలోమికి ఇప్పటికీ తెలియదు. పొన్నూరు నుంచి వచ్చిన బేకరీ ఆయన పిండి దుమ్ముతో చావుబతుకుల్లో ఉంటే బాగుచేశాం. నాలుగు నెలలకి స్వీట్లు పట్టుకుని వచ్చి, బేకరీ అమ్మేశానని చెప్పాడు. "పొద్దున్నే బ్రెడ్డు కాలే వాసన రాకపోతే ఎవరి కొట్లోనో కూలికున్నట్టుందమ్మా" అన్నాడు. ఆ స్వీట్లు నాకు సయించలేదు.

ఇక మా అమ్మ సంగతి.

మా అమ్మ తులశమ్మకి అరవై ఎనిమిదేళ్ళు. మా నాన్న పోయిన దగ్గర్నుంచి గుంటూరులో నా దగ్గరే ఉంటోంది. ఆయాసం ఆమెకు ఎప్పుడూ ఉన్నదే. నా దగ్గరికి వచ్చాక మాత్రం బాగా ఎక్కువైంది. ఏడాదిన్నర కిందట నేనే పట్టుబట్టి జాడ ముందు కూర్చోబెట్టాను. ఫారం నేనే నింపాను.

"ఏవేవి పడవమ్మా నీకు?"

"మా తోడికోడలు పడదు" అంది అమ్మ, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"అమ్మా, నేను తిండీ దుమ్మూ అడుగుతున్నాను."

"నువ్వడిగింది ఏవి పడవని. నాకు పడంది అదొక్కటే."

నవ్వుకుని ఆ గడిలో రాసింది కొట్టేశాను. ‘ఇంటి దుమ్ము’ అని రాశాను. జాడ ‘పేరు తెలియదు’ అంది. దుమ్మే అయ్యుంటుందిలే అనుకుని పరుపు మార్చాను, కిటికీలకు వలలు కొట్టించాను, కర్టెన్లు తీసేశాను. ఏడాదిన్నర గడిచేసరికి అమ్మ ఊపిరితిత్తుల్లో సగమే పనిచేస్తోంది. బంతిపూల దండ దగ్గరికొచ్చినా, రోడ్డు పక్కన వయ్యారిభామ కలుపు మొక్క గాలి తగిలినా దగ్గు తెర మొదలయ్యేది. పోయిన జనవరిలో ఒక మధ్యాహ్నం పెదాలు నీలంగా మారిపోయాయి. ఆక్సిజన్ పెట్టి ఎలాగో గట్టెక్కించాం. మళ్ళీ ఇలాంటిదే వస్తే చెప్పలేనని సలోమి అంది.

రెండోసారి పరీక్ష సలోమే చేసింది. సొంత మనుషుల ఫారం సొంతవాళ్ళు నింపకూడదని నన్ను అద్దం అవతల కూర్చోబెట్టింది.

"ఏవి పడవమ్మా మీకు?"

"చెప్పా గదమ్మా మొన్నే. మా తోడికోడలు పడదు."

నేను తల కొట్టుకున్నాను. సలోమి మాత్రం నవ్వలేదు.

"ఆవిడ ఏం చేస్తే పడదు?"

"ఏం చెయ్యక్కర్లా. పక్కన కూర్చుంటే చాలు, గుండెల మీద రోలు పెట్టినట్టుంటది."

"ఆవిడ అనే మాటలకా?"

"మాట్లాడకపోయినా అంతే. నాకు అమ్మవారు పోసినప్పుడు కళ్ళు మూసుకుని పడున్నా. అది వచ్చిన సంగతే నాకు తెలీదు. ఊపిరాడక లేచి చూస్తే మంచం పక్కన కూర్చోనుంది."

సలోమి రాసే చేతిని ఆపింది. "ఆవిడ వచ్చారని తెలియకుండానే ఆయాసం వచ్చిందా?"

"అదే గదా నేను మొత్తుకునేది. మా అత్త కూడా అదే అంది, మీ ఇద్దరికీ పడదే, వేరు కుంపట్లు పెట్టుకోండి అని."

సలోమి కాగితం చుట్ట పట్టుకొచ్చి నా ముందు పరిచింది. "హైమగారూ, ఈ తేదీలు మీరు చదవండి. నాకు మీ ఇంటి సంగతులు తెలియవు కదా."

ఎడమ చివర తొలి పరిచయం నలభై తొమ్మిదేళ్ళ కిందటి మాఘమాసం. అమ్మ పెళ్ళయి చీరాలలో కాలుపెట్టిన వారం. అక్కడి నుంచి తొమ్మిదేళ్ళు గీతలు దట్టంగా ఉన్నాయి. ఒకచోట టక్కున ఆగిపోయాయి. అది నా ఏడో ఏడు. నట్టింట్లో గొడవై, అమ్మ తోడికోడలైన మా పెద్దమ్మావాళ్ళు రెండు వీధుల అవతలికి మగ్గం మార్చుకుని వెళ్ళిపోయిన ఏడు. ఆ తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళలో పదకొండు గీతలే ఉన్నాయి. వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. అమ్మకు అమ్మవారు పోసినప్పుడు. నానమ్మ పోయినప్పుడు. నా పెళ్ళి. నాకు పాప పుట్టినప్పుడు. పదకొండోది నాన్న పోయినప్పుడు. పదకొండుసార్లూ పెద్దమ్మ మా గడప తొక్కింది. పదకొండుసార్లూ అమ్మకు ఊపిరాడలేదు, పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఏడాదిన్నర కిందట ఇలాంటి కాగితమే నా చేతిలో ఉంది. పేరు కోసం కుడి చివర చూశాను తప్ప ఎడమ చివర చూడలేదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. నాన్న పోయాక ఈ రెండేళ్ళూ పెద్దమ్మ మా ఇంటికి రానేలేదు. కాగితం మీద మాత్రం ఆ రెండేళ్ళూ రోజుకొక గీత ఉంది, దువ్వెన పళ్ళలాగా.

ఇంటికి వెళ్ళి అమ్మ గది అంతా వెతికాను. దిండు గలీబులో దొరికింది, నాలుగు మడతలు పెట్టిన నెమలిపింఛం రంగు నేత చీర. భర్త పోయిన ఆడదానికి పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. అమ్మకు పుట్టింటి తరఫున ఎవరూ మిగల్లేదు. నాన్న పోయినప్పుడు పెద్దమ్మ ఆ చీర తెచ్చి అమ్మ భుజాల మీద కప్పింది. కప్పిన నిమిషానికే అమ్మకు దగ్గు తెర వచ్చింది, ఎవరో పెద్దమ్మను పక్కకు లాగేశారు.

చీర విప్పితే మడతల్లోంచి ఎండిన ఆకు పొడి రాలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

దవనం.

నా వయసు నలభై ఏడు. ఆ క్షణాన మాత్రం ఆరేళ్ళపిల్లనై చీరాల ఇంటి వసారాలో పెద్దమ్మ ఒళ్ళో ఉన్నాను. లోపల రెండు మగ్గాలు టకటకలాడుతున్నాయి. పెరట్లో గంజి ఉడుకుతోంది. వీధి పొడుగునా పడుగు నూలు చాచి నాన్నా పెదనాన్నా చెరో చివరా నిలబడి దానికి గంజి పట్టిస్తున్నారు. పెద్దమ్మ నాంచారమ్మ ఆదివారం కుంకుడురసంతో తలంటుకుని, తడి జుట్టు చివర ముడేసి, అందులో దవనం రెబ్బ తురుముకునేది. మాఘ ఫాల్గుణాల్లో పచ్చిది దొరికేది. మిగతా ఏడంతా నీడలో ఎండబెట్టింది చీరల పెట్టెలో పరిచేది. ఆమె ఏ చీర కట్టినా అదే వాసన. నాకు ఆ వాసన అంటే పెద్దమ్మ, అంతే. నలభై ఏళ్ళుగా ఆ వాసన లేకుండా బతికేశానే అనిపించి, ఆ చీరలో మొహం పెట్టుకుని ఏడ్చాను.

గొడవైన రోజు కూడా బాగా గుర్తుంది. భోజనాల దగ్గర పెద్దమ్మ వచ్చి అమ్మ పక్క పీట మీద కూర్చుంది. అమ్మ రెండు ముద్దలు తిని రొప్పుతూ, "అక్కా, నువ్వు అవతలికి పో" అంది. "నేనేం చేశానే నిన్ను? నన్ను చూస్తేనే ఊపిరి ఆగిపోతందా నీకు?" అని పెద్దమ్మ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. అప్పుడే నానమ్మ అంది ఆ మాట, మీ ఇద్దరికీ పడదే అని. ఇంటిల్లిపాదీ ఆ మాటను ఒక్క అర్థంలోనే విన్నారు. నేనూ అలాగే విన్నాను, చదువుకుని, యంత్రం నడుపుతూ కూడా.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇదేంటమ్మా?"

"చీర."

"తలకింద ఎందుకుంది?"

"దిండు పల్చగా ఉంది."

అమ్మ వచ్చి మంచం మీద కూర్చుని, "దాని వాసన లేకపోతే నాకు నిద్ర పట్టదే" అంది. "నాకూ దానికీ పడదు, నిజమే. పడకపోతే మాత్రం మనిషి కావాలనిపించదా?"

అప్పుడు నేను అంతా చెప్పాను. తనకు పడనిది పెద్దమ్మ కాదు, ఆమె జడలోని దవనం. కొత్త పెళ్ళికూతురుగా వచ్చిన వారం అమ్మకు జడేసి దవనం పెట్టింది పెద్దమ్మేనట, అది అమ్మే చెప్పింది. పగ అక్కడ మొదలైంది. దవనానికి బంతీ చామంతీ వయ్యారిభామా అన్నీ చుట్టాలే, ఒకే కుటుంబం మొక్కలు. పగ వాటిమీదికీ పాకింది. ఇప్పుడు పెద్దమ్మ దవనం మానేసినా అమ్మకు లాభం లేదు. రోడ్డు మీది గాలే చాలు ప్రాణం తీయడానికి. మొదటి పగను మరిపిస్తేనే మిగతావన్నీ దారికొస్తాయి. ఫారంలో ఆమె చెప్పిన మాట నేను కొట్టేసిన సంగతి కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు తలెత్తలేకపోయాను.

"నువ్వు కొట్టేసింది ఏడాదిన్నర" అంది అమ్మ. "నేను నలభై ఏళ్ళు. ఊరుకో."

"ఇంకోటుందమ్మా. మందేస్తే నీకు ఇక దవనం వాసన రాదు. ఎప్పటికీ రాదు."

అమ్మ చీర మడతలు ఒక్కొక్కటే సరిచేసుకుంది.

"దాని పక్కన కూర్చుని అన్నం తినొచ్చా?"

"తినొచ్చు."

"అయితే వెయ్యండి. ఒక్కటి మటుకు, మీ సీసాలో వాసన నాకొద్దు. ఆఖరిసారి పీల్చేది అది జడేసి పెట్టిన దవనమే కావాల. ఇంకోటి, ముక్కు సంగతి దానికి చెప్పబాకండి. నా ఊపిరి తీసింది తన దవనమేనని ఎట్టాగూ కుమిలిపోద్ది. దీనికి కూడా ఏడ్చిద్ది."

మర్నాడు చీరాల వెళ్ళాను. పెద్దమ్మకు డెబ్బై ఆరేళ్ళు. పెదనాన్న పోయాక ఒక్కతే ఉంటోంది. మగ్గం ఎప్పుడో ఆగిపోయింది, మగ్గం గుంట మీద చెక్కలు పరిచి బియ్యం బస్తా పెట్టుకుంది. నేను చెప్పిందంతా తలొంచుకుని విన్నది.

"నేనే గదే ఆ రోజు జడేసింది" అంది చివరికి. "పంతొమ్మిదేళ్ళ పిల్ల, తల్లి లేదు, బిక్కుబిక్కుమంటా కూర్చోనుంది. దవనం తురిమితే మొహం ఇంత చేసుకుని నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడు రాజీకి వెళ్ళినా దానికిష్టమని నిండా పెట్టుకునే పోయా. ఎంత పని చేశానే తల్లీ."

"నీకేం తెలుసు పెద్దమ్మా."

"తెలవకనే గదా చేసేది అన్నీ. మళ్ళీ నన్నే పెట్టమంటందా? నా చేతులతో?"

"డాక్టరు పక్కనే ఉంటుంది. నేనూ ఉంటాను."

రానంటే రానంది. అప్పుడు సంచిలోంచి నెమలిపింఛం చీర తీసి చూపించి, రెండేళ్ళుగా అది ఎక్కడుందో చెప్పాను. పెద్దమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

అది మాఘమాసం కావడం మా అదృష్టం, పూలబజారులో పచ్చి దవనం దొరికింది. కేంద్రంలో అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి సూది పెట్టి, పక్కన ఆక్సిజన్ సిద్ధం చేశాం. పెద్దమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నాన్న పోయిన రోజు తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే.

"రా అక్కా" అంది అమ్మ. "జుట్టు ఊడిపోయిందని ఎక్కిరించబాక."

"ఉన్న నాలుగు వెంట్రుకలకి సోకొకటి" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ వెనక నిలబడి దువ్వింది. తెల్లటి సన్నటి జడ అల్లింది. దవనం రెబ్బ తీసి జడ మొదట్లో తురిమింది. అమ్మ కళ్ళు మూసుకుని నిండుగా పీల్చింది. ఆ మొహంలో నేనెప్పుడూ చూడని పంతొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి నవ్వింది. తర్వాత దగ్గు వచ్చింది, ఆ వెంటనే పిల్లికూతలు మొదలయ్యాయి. మానిటర్ మీద అంకెలు పడిపోతున్నాయి.

"ఇంకా లేవాలి" అంది సలోమి, సిరంజి పట్టుకుని. "సగం లేచినప్పుడు వేస్తే ఉపయోగం లేదు."

నేను లోపల్లోపల లెక్కపెట్టుకుంటున్నాను. అమ్మ పెదాల చుట్టూ నీలం మొదలైంది. పెద్దమ్మ దవనం పీకేయబోతే అమ్మ వెనక్కి చెయ్యి చాపి ఆ మణికట్టు పట్టుకుంది, వదల్లేదు. అప్పుడు సలోమి మందు ఎక్కించింది. ఆ నాలుగు నిమిషాలూ మా అమ్మ చచ్చిపోతుందనే అనుకున్నాను. చచ్చిపోతే ఆ ఫారం మీద గీత కొట్టింది నేనే అనుకున్నాను.

ఐదో నిమిషంలో కూతలు తగ్గాయి. పదో నిమిషంలో అమ్మ కళ్ళు తెరిచింది. జడ ముందుకు లాక్కుని దవనం రెబ్బను ముక్కుకు ఆనించుకుంది. నావైపు చూసింది. నాకు తెలిసిపోయింది.

"ఎట్టా ఉందే?" అని అడిగింది పెద్దమ్మ.

"ఎట్టా ఉండుద్ది, కమ్మగా ఉంది" అంది అమ్మ.

అప్పటి నుంచి అమ్మకు ఆయాసం రాలేదు. చామంతులు ఇంటికి తెచ్చినా ఏమీ కాలేదు. పెద్దమ్మ నెలకోసారి చీరాల నుంచి రైల్లో వస్తుంది, నాలుగు రోజులు ఉంటుంది. ఇద్దరూ ఒకే పళ్ళెం ముందు కూర్చుని పప్పులో ఉప్పెక్కువైందనీ తక్కువైందనీ పోట్లాడుకుంటూ తింటారు. దానికి మాత్రం నిజంగానే పడదు వాళ్ళిద్దరికీ. నాకు వినడానికి హాయిగా ఉంటుంది.

మొన్న వైశాఖంలో ఒక ఉదయం నేనే స్టేషన్‌కి వెళ్ళి పెద్దమ్మను తీసుకొచ్చాను. ఆటోలో పక్కనే కూర్చున్నాను కనుక నాకు తెలుసు, ఆమె దగ్గర సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. దవనం మానేసిందట. పెట్టెలో ఉన్నదంతా దులిపేసి, చీరలన్నీ ఉతికి ఆరేసిందట. "మీ యంత్రాన్ని నమ్మనని కాదే. మళ్ళీ దానికేమన్నా అయితే నేను బతకను" అంది. యాభై ఏళ్ళు పైగా ఉన్న అలవాటు.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోకి ఎదురొచ్చింది. పెద్దమ్మ చేతిలో సంచి అందుకుంటూ, గట్టిగా గాలి పీల్చి, "దవనం బాగా పెట్టుకొచ్చావే అక్కా" అంది. "వీధి మొదట్లోంచే గుమగుమలాడిపోతంది."

పెద్దమ్మ చెయ్యి తన జడ మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. నావైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేకపోయాను. కుర్చీలో ఆ రోజు అమ్మ జడ ముక్కుకు ఆనించుకుని నావైపు చూసిన చూపు ఆమె కూడా చూసే ఉంటుంది. కాసేపటికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుంది.

"ఆఁ, పెట్టుకొచ్చానే" అంది పెద్దమ్మ. "నీకోసమే పెట్టుకొచ్చా."